రాయల్ ఫ్లీట్ ఆగ్జిలరీ: బ్రిటిష్ నౌకాదళం వెనక పౌర నావికులు

బ్రిటిష్ నౌకాదళానికి నడిసముద్రంలో చమురు, ఆహారం, మందుగుండు, విడిభాగాలు అందించే నౌకల సేవ పేరు రాయల్ ఫ్లీట్ ఆగ్జిలరీ. క్లుప్తంగా ఆర్‌ఎఫ్‌ఏ అంటారు. ఈ నౌకలు ప్రభుత్వ ఆస్తి. ఏ నౌక ఎక్కడికి వెళ్లాలో, ఎవరికి ఏమివ్వాలో నౌకాదళం నిర్ణయిస్తుంది. నడిపేవాళ్లు మాత్రం సైనికులు కారు. వాణిజ్య నౌకల్లో పనిచేయడానికి కావలసిన పరీక్షలు రాసి, ధ్రువపత్రాలు పొందిన పౌర నావికులు. యుద్ధనౌకల మీద వైట్ ఎన్‌సైన్ అనే జెండా ఎగురుతుంది. వీటి మీద ఎగిరేది బంగారు రంగు లంగరు గుర్తున్న బ్లూ ఎన్‌సైన్.

1905 ఆగస్టు 3న మొదలైన ఈ సేవ రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ, కొరియాలోనూ, ఫాక్లండ్స్‌లోనూ, గల్ఫ్‌లోనూ పనిచేసింది. అమెరికా సహా పలు దేశాల్లో ఇలాంటి ఏర్పాట్లున్నాయి. నౌకాదళాల చరిత్ర అంటే ఫిరంగుల గురించి, సేనాపతుల గురించే ఎక్కువగా రాస్తారు. కానీ ఒక యుద్ధనౌక రేవు వదిలి ఎంత దూరం వెళ్లగలదో, ఎన్నాళ్లు నిలవగలదో తేల్చేది దాని వెనక వచ్చే సరుకుల ఓడ. ఆ ఓడను నడిపే మనుషులకు చరిత్రలో దక్కవలసిన చోటు ఇంకా పూర్తిగా దక్కలేదు.

పూర్వరంగం

తెరచాపల కాలంలో గాలికి డబ్బు కట్టనక్కర్లేదు. యుద్ధనౌకకు బయటి నుంచి రావలసినవి తిండి, మంచినీళ్లు, మందుగుండు మాత్రమే. వాటిని అద్దె ఓడలు మోసేవి. 1759లో అడ్మిరల్ హాక్ ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ రేవును నెలల తరబడి దిగ్బంధించగలిగాడంటే, బ్రతికున్న పశువులు, కూరగాయలు, బీరు ఓడల మీద ఎప్పటికప్పుడు అందడం వల్లే. స్కర్వీ జబ్బుతో మంచాన పడవలసిన నావికులు ఆరోగ్యంగా ఉండి, ఆ నవంబరులో క్విబెరాన్ అఖాతంలో ఫ్రెంచి నౌకాదళాన్ని ఓడించారు.

ఆవిరి యంత్రాలు వచ్చాక లెక్క మారింది. నౌక కదలాలంటే బొగ్గు కావాలి. అందుకే బ్రిటన్ జిబ్రాల్టర్, మాల్టా, ఏడెన్, సింగపూర్, హాంకాంగ్ వంటి చోట్ల బొగ్గు నిల్వలు పెట్టుకుంది. అలాంటి స్థావరాలు లేని దేశం ఎంత ఇబ్బంది పడుతుందో 1904-05లో రష్యా చూపించింది. అడ్మిరల్ రజెస్ట్‌వెన్‌స్కీ బాల్టిక్ సముద్రం నుంచి జపాన్ దాకా నడిపించిన నౌకాదళానికి దారి పొడవునా బొగ్గు పోసింది జర్మన్ కంపెనీ అయిన హాంబర్గ్-అమెరికా లైన్ ఓడలు. మళ్లీ ఎక్కడ దొరుకుతుందోనన్న బెంగతో రష్యన్లు పైతట్టు మీద కూడా బొగ్గు బస్తాలు పేర్చుకున్నారు. ఆ నౌకాదళం 1905 మేలో సుషిమా జలసంధిలో నాశనమైంది. రెండు నెలలు దాటగానే బ్రిటన్‌లో ఆర్‌ఎఫ్‌ఏ ఆదేశం వెలువడింది.

1905: కొత్త పేరు, కొత్త హోదా

అప్పటికే బ్రిటిష్ నౌకాదళం చేతిలో రకరకాల సహాయక నౌకలుండేవి. ఏది సైనిక నౌక, ఏది కాదు అన్న విషయంలో స్పష్టత లేదు. నౌకాదళ అధికారి నాయకత్వంలో, నౌకాదళ సిబ్బందితో నడిచేవి ఒక వర్గమని, వాణిజ్య నావికులు నడిపేవి ఇంకో వర్గమని అడ్మిరల్టీ 1905లో తేల్చి చెప్పింది. రెండో వర్గానికి పెట్టిన పేరే రాయల్ ఫ్లీట్ ఆగ్జిలరీ.

తొలి నౌకల్లో రెండు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గవి. ఒకటి చమురు నౌక ‘పెట్రోలియం’. 1906లో ‘విక్టోరియస్’ అనే యుద్ధనౌకతో కలిసి నడిసముద్రంలో చమురు అందించే ప్రయోగాలు చేసింది ఇదే. రెండోది ఆసుపత్రి నౌక ‘మెయిన్’. బోయర్ యుద్ధం మొదలైనప్పుడు లండన్‌లో ఉన్న అమెరికన్ మహిళలు, విన్‌స్టన్ చర్చిల్ తల్లి లేడీ రాండాల్ఫ్ చర్చిల్ నాయకత్వంలో చందాలు పోగుచేసి దాన్ని ఆసుపత్రిగా మార్చి దక్షిణాఫ్రికాకు పంపారు. 1901లో అది బ్రిటిష్ ప్రభుత్వానికి కానుకగా వచ్చింది. 1914లో స్కాట్లండ్ తీరంలోని మల్ దీవి దగ్గర రాళ్లకెక్కి పాడైంది. దాని పేరును తర్వాతి ఆసుపత్రి నౌకలు వరసగా మోశాయి. వాటిలో ఒకటి 1950లో కొరియా యుద్ధంలో గాయపడిన సైనికులను పూసాన్ నుంచి జపాన్‌కు చేర్చింది.

పౌరులే ఎందుకు?

మొదటి కారణం ఖర్చు. యుద్ధనౌకలో ఫిరంగుల దగ్గర, క్షిపణుల దగ్గర, నష్టాన్ని అదుపు చేసే బృందాల్లో వందల మంది కావాలి. సరుకుల నౌకకు అంత మంది అక్కర్లేదు. నేటి టైడ్ తరగతి ట్యాంకర్ పొడవు 200 మీటర్లకు పైనే. 19,000 ఘనపు మీటర్ల ఇంధనం మోస్తుంది. దాన్ని నడిపే సొంత సిబ్బంది 63 మంది.

రెండో కారణం అనుభవం. యుద్ధనౌకలో అధికారులు రెండు మూడేళ్లకోసారి వేరే కొలువుకు మారిపోతారు. ఆర్‌ఎఫ్‌ఏ నావికుడు చమురు పంపులు, ఇనుప తాళ్లు, విన్చీల మధ్యే ఉద్యోగ జీవితమంతా గడుపుతాడు.

మూడోది చట్టం. యుద్ధకాలంలో తటస్థ దేశపు రేవులో యుద్ధనౌక సాధారణంగా 24 గంటలకు మించి ఉండకూడదని 1907 నాటి హేగ్ ఒడంబడిక చెబుతుంది. వాణిజ్య నౌకకు ఆ కట్టుబాటు లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ఇంకా తటస్థంగా ఉన్న ఏళ్లలో బ్రిటన్ కొన్ని చమురు నౌకలను ప్రైవేటు కంపెనీ నిర్వహణ కింద పెట్టి, ‘లీఫ్’తో ముగిసే పేర్లు తగిలించి వాడుకుంది.

ఈ మధ్యస్థ హోదా నావికుడికి రక్షణ కవచమేమీ కాదు. శత్రు నౌకాదళానికి సరుకులు మోసే ఓడ మీద దాడి చేయడాన్ని యుద్ధ నియమాలు అనుమతిస్తాయి. పట్టుబడిన వాణిజ్య నావికులను యుద్ధ ఖైదీలుగా చూడాలని 1949 నాటి జెనీవా ఒప్పందం చెబుతుంది. కాబట్టి ఆర్‌ఎఫ్‌ఏలో చేరినవాడు జీతం పౌరుడిగా తీసుకుంటాడు, ప్రమాదం మాత్రం సైనికుడితో సమానంగా పంచుకుంటాడు.

బొగ్గు నుంచి చమురుకు

బొగ్గు ఎక్కించే రోజు నౌకలో అందరికీ నరకమే. అధికారి నుంచి కుర్ర నావికుడి దాకా బస్తాలు మోయాలి. నల్లటి దుమ్ము పడకల్లోకి, గిన్నెల్లోకి, ఊపిరితిత్తుల్లోకి చేరేది. ఊగే సముద్రంలో ఆ పని దాదాపు అసాధ్యం. చమురైతే గొట్టంలోంచి పంపు చేస్తే చాలు. 1912లో బ్రిటన్ పూర్తిగా చమురుతో నడిచే క్వీన్ ఎలిజబెత్ తరగతి యుద్ధనౌకలకు ఆర్డరిచ్చింది. 1914లో చర్చిల్ చొరవతో ఆంగ్లో-పర్షియన్ ఆయిల్ కంపెనీలో సగానికి పైగా వాటా ప్రభుత్వం కొన్నది.

బ్రిటన్ నేలలో బొగ్గు పుష్కలం, చమురు లేదు. పర్షియా నుంచి, అమెరికా నుంచి అది ఓడల మీద రావాలి. దానితో చమురు నౌకల అవసరం ఒక్కసారిగా పెరిగింది. ఆర్‌ఎఫ్‌ఏ అసలు బలం అక్కడే మొదలైంది.

రెండు ఓడల మధ్య నలభై మీటర్లు

ఈ సేవకు ప్రాణమైన పని నడిసముద్రంలో సరఫరా. దాన్ని దగ్గర నుంచి చూస్తేగాని దాని కష్టం తెలియదు.

ట్యాంకర్ ఒకే దిశలో, ఒకే వేగంతో, సాధారణంగా 12 నాట్లకు అటూ ఇటూగా సాగుతుంటుంది. ఇంధనం కావలసిన యుద్ధనౌక వెనక నుంచి వచ్చి, పక్కనే దాదాపు 40 మీటర్ల దూరంలో తన వేగాన్ని సరిపెట్టుకుంటుంది. ఈల మోగుతుంది. తుపాకీతో సన్నటి దారం ఇవతలి నౌక నుంచి అవతలి నౌక మీదికి పేలుస్తారు. దారానికి తాడు, తాడుకు మోకు, మోకుకు ఇనుప తాడు కట్టి లాగుతారు. బిగించిన ఇనుప తాడు మీద కప్పీలకు వేలాడుతూ నల్లటి లావాటి గొట్టం జారుకుంటూ వెళ్లి, అవతల గరాటులాంటి మూతిలో దిగబడుతుంది. పంపులు మొదలవుతాయి.

ఇక గంట, రెండు గంటల పాటు ఎవరూ కన్నార్పరు. రెండు ఓడల నడుమ ఇరుకైన కాలువలో నీరు వేగం పుంజుకుంటుంది. అక్కడ ఒత్తిడి తగ్గి ఓడలు ఒకదాన్నొకటి లాక్కోవాలని చూస్తాయి. మధ్యలో కట్టిన సన్నటి తాడు మీద వరసగా రంగురంగుల గుడ్డపేలికలుంటాయి. దూరం ఎంతుందో చూసి చెప్పడానికి అవే కొలబద్ద. చుక్కాని దగ్గరున్నవాడు ఒక్క డిగ్రీ తప్పినా ప్రమాదమే. యంత్రం మొరాయించినా, చుక్కాని బిగుసుకుపోయినా అత్యవసర సంకేతంతో అన్నీ తెంచుకుని విడిపోవాలి. ఇదంతా రాత్రిపూట మసక ఎర్రదీపాల వెలుగులో కూడా చేస్తారు.

రెండో ప్రపంచ యుద్ధం

ఇంత చక్కటి పద్ధతి బ్రిటన్‌కు మొదట చేతకాలేదు. 1930లలో నౌకాదళం తన స్థావరాల మీదే భరోసా పెట్టుకుంది. 1941 మేలో జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్‌ను వెంటాడినప్పుడు ఆ లోటు బయటపడింది. ‘ప్రిన్స్ ఆఫ్ వేల్స్’ ఇంధనం చాలక వేట మధ్యలోనే ఐస్‌లండ్‌కు మళ్లింది. ‘కింగ్ జార్జ్ ఫైవ్’ బిస్మార్క్‌ను పడగొట్టిన వెంటనే ఇంటి దారి పట్టక తప్పలేదు. తర్వాత కొద్ది వారాల్లో అట్లాంటిక్‌లోని జర్మన్ సరఫరా నౌకలు బ్రిటన్‌కు చిక్కాయి. వాటిలో ఒకటైన ‘లోత్రింగెన్’లో నీటి మీద తేలే రబ్బరు గొట్టాలు దొరికాయి. అప్పటి దాకా బరువైన లోహపు గొట్టాలతో అవస్థపడుతున్న బ్రిటిషర్లు వాటిని చూసి తమ పద్ధతిని మార్చుకున్నారు.

పౌర నావికుడు ఎవరి పక్షాన ఉన్నా అతని నౌక హోదా తగాదాకు కారణమయ్యేది. 1940 ఫిబ్రవరిలో నార్వే తీరంలో జర్మన్ సరఫరా నౌక ‘ఆల్ట్‌మార్క్’ను బ్రిటన్ నౌక ‘కొసాక్’ అడ్డగించి, దానిలో బంధించిన 299 మంది బ్రిటిష్ నావికులను విడిపించింది. అది యుద్ధనౌకా, సరుకుల ఓడా, తటస్థ జలాల్లో దాన్ని ఆపవచ్చా అన్న వాదన చాలాకాలం నడిచింది.

ఆర్‌ఎఫ్‌ఏ నష్టాలు తీవ్రంగానే ఉన్నాయి. 1941 అక్టోబరు 22న సెయింట్ హెలీనా దీవి దగ్గర లంగరు వేసి ఉన్న చమురు నౌక ‘డార్క్‌డేల్’ను జర్మన్ జలాంతర్గామి టార్పెడోలతో ముంచింది. 41 మంది చనిపోయారు. శిథిలంలో మిగిలిన చమురు కారుతుంటే 2015లో దాన్ని తోడించవలసి వచ్చింది. 1942 జులైలో రష్యాకు వెళ్లే పీక్యూ-17 బిడారులో ‘ఆల్డర్స్‌డేల్’, సెప్టెంబరులో తిరుగు ప్రయాణంలో ‘గ్రే రేంజర్’ ఆర్కిటిక్ చలిలో మునిగాయి.

హిందూ మహాసముద్రమూ తప్పించుకోలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేసిన సంగతి మన పెద్దవాళ్లు చెప్పుకునేవారు. అదే దాడుల పరంపరలో ఏప్రిల్ 9న సిలోన్ తీరంలో విమానవాహక నౌక ‘హెర్మిస్’తో పాటు చమురు నౌక ‘ఏథెల్‌స్టేన్’ కూడా మునిగింది. మనవాళ్లు బాంబుల మోత విన్న ఆ వారమే పొరుగు సముద్రంలో ట్యాంకర్ నావికులు నీళ్లలో ఈదుతున్నారు.

1945లో బ్రిటిష్ పసిఫిక్ నౌకాదళం జపాన్ వైపు కదిలినప్పుడు దాని వెనక ‘ఫ్లీట్ ట్రెయిన్’ అనే సరఫరా నౌకల వరస నడిచింది. రియర్ అడ్మిరల్ డగ్లస్ ఫిషర్ దాన్ని నడిపించాడు. ఆర్‌ఎఫ్‌ఏ ట్యాంకర్లతో పాటు రకరకాల దేశాల నావికులున్న అద్దె ఓడలు అందులో ఉండేవి. దొరికినవన్నీ కలిపి కుట్టిన బొంత లాంటి సమూహం అది. అమెరికన్ల పక్కపక్క పద్ధతి ముందు బ్రిటిషర్ల వెనక నుంచి గొట్టం లాగే పద్ధతి నెమ్మదని అక్కడ స్పష్టమైంది. యుద్ధం ముగిశాక ఇనుప తాడును తనంతట తానే బిగించి వదిలే విన్చీలతో, 1950లలో వచ్చిన టైడ్ తరగతి నౌకలతో ఆ వెనకబాటు పోయింది.

ఫాక్లండ్స్, 1982

ఆర్‌ఎఫ్‌ఏ అంటే ఏమిటో బ్రిటిష్ ప్రజలకు తెలిసింది ఫాక్లండ్ దీవుల కోసం అర్జెంటీనాతో జరిగిన ఈ యుద్ధంలోనే. రేవు నుంచి యుద్ధరంగం 8,000 మైళ్లు. మధ్యలో ఆధారం అసెన్షన్ దీవి ఒక్కటే. అర్జెంటీనా సేనలు ఏప్రిల్ 2న ఆ దీవుల్లో దిగాయి. అంతకు నాలుగు రోజుల ముందే, మార్చి 29న, సరుకుల నౌక ‘ఫోర్ట్ ఆస్టిన్’ జిబ్రాల్టర్ నుంచి దక్షిణానికి బయలుదేరింది. చిలీకి అమ్మేసి, అప్పగించడానికి ఆ దేశం దాకా తీసుకువెళ్లిన ‘టైడ్‌పూల్’ను వెనక్కి తెచ్చి మళ్లీ పనిలో పెట్టారు. ‘టైడ్‌స్ప్రింగ్’ సౌత్ జార్జియా దీవికి సైనికులను మోసింది, తర్వాత అక్కడ లొంగిన అర్జెంటీనా ఖైదీలను అసెన్షన్‌కు చేర్చింది. మొత్తం 22 ఆర్‌ఎఫ్‌ఏ నౌకలు ఈ యుద్ధంలో పాల్గొన్నాయి.

ఇవి చాలక వాణిజ్య నౌకలను ప్రభుత్వం అప్పటికప్పుడు తీసుకుంది. వాటిలో ‘అట్లాంటిక్ కన్వేయర్’ మే 25న క్షిపణులకు బలైంది. 12 మంది చనిపోయారు. వారిలో కెప్టెన్ ఇయాన్ నార్త్ ఒకరు. దానిలో ఉన్న చినూక్ హెలికాప్టర్లలో గాలిలో ఉండి బతికింది ఒక్కటే. మిగతావి పోవడంతో సైన్యం దీవికి అడ్డంగా కాలినడకన పోవలసి వచ్చింది.

జూన్ 8న ఫిట్జ్‌రాయ్ దగ్గర లంగరు వేసిన ఆర్‌ఎఫ్‌ఏ నౌకలు ‘సర్ గాలహాడ్’, ‘సర్ ట్రిస్ట్రమ్’ల మీద స్కైహాక్ విమానాలు బాంబులు వేశాయి. గాలహాడ్‌లో 48 మంది చనిపోయారు. వారిలో 32 మంది వెల్ష్ గార్డ్స్ సైనికులు. రెండు నౌకల ఆర్‌ఎఫ్‌ఏ సిబ్బందిలో ఏడుగురు మరణించారు. ఇంజను గదిని పొగ కమ్మినప్పుడు సెకండ్ ఇంజనీర్ పాల్ హెన్రీ తన శ్వాస పరికరాన్ని తన కింద పనిచేసే కుర్ర అధికారికి ఇచ్చి పైకి పంపాడు. ఆ కుర్రాడు బతికాడు, హెన్రీ బతకలేదు. అతనికి మరణానంతరం జార్జ్ మెడల్ ఇచ్చారు. చనిపోయిన సిబ్బందిలో హాంకాంగ్ నుంచి వచ్చిన చైనీయులూ ఉన్నారు. వాళ్ల దేశానికీ ఆ దీవులకూ ఏ సంబంధమూ లేదు, ఓడలో ఉద్యోగం తప్ప. కాలిపోయిన గాలహాడ్‌ను సముద్రంలోకి లాగి, టార్పెడోతో ముంచి, యుద్ధ సమాధిగా ప్రకటించారు. లండన్‌లోని టవర్ హిల్ దగ్గర ఈ యుద్ధంలో పోయిన వాణిజ్య నావికులకు స్మారకం 2005లో వచ్చింది. అంటే 23 ఏళ్లు పట్టింది.

ఆ తర్వాత

1991 గల్ఫ్ యుద్ధంలో ‘ఆర్గస్’ క్షతగాత్రులను చేర్చుకునే నౌకగా పనిచేసింది. 2003లో కొత్త ‘సర్ గాలహాడ్’ ఇరాక్‌లోని ఉమ్ కస్ర్ రేవుకు ఆహారం, మందులు తీసుకొచ్చింది. 2014లో సియెర్రా లియోన్‌లో ఎబోలా ప్రబలినప్పుడు మళ్లీ ఆర్గస్ వెళ్లింది. కరీబియన్‌లో మాదకద్రవ్యాల రవాణాను అడ్డుకోవడం, సోమాలియా తీరంలో సముద్రపు దొంగలను ఎదుర్కోవడం, తుపాను బాధితులకు సాయం చేయడం కూడా ఈ నౌకల పనుల్లో చేరాయి. రేవుల లోపలి టగ్గులు, పడవల పని వేరే సేవ చూసేది. 2008లో ఆ సేవను రద్దు చేసి సెర్కో కంపెనీకి అప్పగించారు.

ఇతర దేశాల్లో

అమెరికాలో ఈ పని చేసేది మిలిటరీ సీలిఫ్ట్ కమాండ్. 1949లో వేరే పేరుతో పుట్టి, 1970లో ఈ పేరు పొందింది. 1972లో ‘టలూగా’ అనే నౌకాదళ ట్యాంకర్‌ను పౌర సిబ్బందికి అప్పగించడంతో యుద్ధనౌకలకు చమురు పోసే పని క్రమంగా వాళ్ల చేతికి వచ్చింది. ఈ నౌకల పేర్లకు ముందు యూఎస్ఎస్ అని కాక యూఎస్ఎన్ఎస్ అని ఉంటుంది. వాటిలో ఒకటైన ‘చార్లెస్ డ్రూ’ 2022 ఆగస్టులో మరమ్మతు కోసం చెన్నై దగ్గరి కాట్టుపల్లి షిప్‌యార్డుకు వచ్చింది. అమెరికా నౌకాదళపు ఓడ మన దేశంలో మరమ్మతు చేయించుకోవడం అదే మొదలు. జర్మనీ, రష్యా కూడా తమ సహాయక నౌకల్లో పౌరులను నియమించాయి. కెనడా ఒక కంటైనర్ ఓడను సరఫరా నౌకగా మార్పించి, ‘ఆస్టెరిక్స్’ పేరుతో 2018 నుంచి ప్రైవేటు సంస్థ నుంచి అద్దెకు తీసుకుంటోంది.

భారత నౌకాదళంలో ‘దీపక్’, ‘శక్తి’ వంటి ట్యాంకర్లు ఐఎన్ఎస్ నౌకలే. కానీ నౌకాదళ రేవుల్లో టగ్గులు, బార్జీలు, సరుకు పడవల మీద పౌర సిబ్బంది పనిచేస్తారు. నియామక ప్రకటనల్లో ఆ కొలువుల పేర్లు ఇప్పటికీ సరంగు, లాస్కర్ అనే ఉంటాయి. ఓడరేవుల్లో వందల ఏళ్లుగా వాడుకలో ఉన్న మాటలవి. విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డు భారత నౌకాదళం కోసం 44,000 టన్నుల సరఫరా నౌకలు ఐదింటిని కట్టడానికి 2023 ఆగస్టులో ఒప్పందం చేసుకుంది. విలువ సుమారు 19,000 కోట్ల రూపాయలు.

నేటి పరిస్థితి

ఇవాళ ఆర్‌ఎఫ్‌ఏకు శత్రువు మనుషుల కొరత. టైడ్ తరగతి ట్యాంకర్లు నాలుగు దక్షిణ కొరియాలో తయారై వచ్చాయి, కానీ వాటన్నిటినీ నడిపేందుకు చాలినంత సిబ్బంది లేరు. ‘వేవ్’ తరగతి ట్యాంకర్లను పక్కన పెట్టారు. ‘ఫోర్ట్ రోజలీ’, ‘ఫోర్ట్ ఆస్టిన్’లను 2021లో ఈజిప్టుకు అమ్మారు. ఆహారం, మందుగుండు మోసే నౌక ‘ఫోర్ట్ విక్టోరియా’ ఒక్కటే మిగిలి, అదీ కట్టేసి ఉంది. దాని స్థానంలో మూడు కొత్త నౌకలకు 2023 జనవరిలో 1.6 బిలియన్ పౌండ్ల ఒప్పందం కుదిరింది.

జీతాలు వాణిజ్య నౌకలకంటే వెనకబడ్డాయని, ఇంటికి దూరంగా గడిపే నెలలు పెరిగాయని నావికులు చెబుతూ వచ్చారు. 2024 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌ఏ అధికారులు తమ సేవ చరిత్రలో మొదటిసారి సమ్మె చేశారు. అదే ఏడాది అమెరికా కూడా సిబ్బంది చాలక 17 సహాయక నౌకలను పక్కన పెట్టే ఆలోచన చేసింది. 2025లో విమానవాహక నౌక ‘ప్రిన్స్ ఆఫ్ వేల్స్’ పసిఫిక్‌కు వెళ్లినప్పుడు చమురుకు టైడ్‌స్ప్రింగ్ తోడుంది. పొడి సరుకులకు మాత్రం సొంత నౌక వెంట లేదు.

కొత్త ఓడ కట్టడానికి నాలుగైదేళ్లు చాలు. క్యాడెట్‌గా చేరిన కుర్రాడు, రాత్రిపూట ఎర్రదీపాల వెలుగులో పక్క ఓడకు గొట్టం పంపే ట్యాంకర్‌కు కెప్టెన్ కావాలంటే అంతకు మూడు నాలుగు రెట్లు పడుతుంది. 1941లో బ్రిటన్‌కు రబ్బరు గొట్టాలు లేవు, శత్రువు ఓడలో దొరికాయి. మనుషులు అలా దొరకరు. ముందే పెంచుకోవాలి, పెంచుకున్నవాళ్లను నిలుపుకోవాలి.